బండి అంచు



చక్రపు చివరిభాగమును అమరసింహుడు నేమి యనియు, ప్రధి యనియు పేర్కొనెను. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పుచు ఈ రెండు మాటలకును అర్థము వ్రాయించిన నేను, బండికి అంచు ఎంత ముఖ్యమైనదో మాత్రము మొన్నమొన్ననే తెలిసికొంటిని.

మాది జూలూరుపాడు. తల్లాడనుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెము పోవు బాటలో నున్నది. 2022వ సంవత్సరమున మా మేనల్లుడు జీపు వెనుక తగిలించుకొని పోదగిన చిన్న యింటిబండి నొకదానిని మా వాకిటిలోనే కట్టదలచెను. లోపల ఇద్దరు పండుకొనుటకు చోటు, వెనుక తలుపు ఎత్తినచో వంటకు బల్ల. దీనిని ట్రైలరు అందురట. ఇనుప చట్రము, ప్లైవుడ్డు గోడలు, వానిపై పలుచని అల్యూమినియము రేకు, ఇవన్నియు సులభముగనే కుదిరినవి. గోడయు పైకప్పును కలియుచోట కోసిన అంచులను కప్పవలసిన సన్నని అల్యూమినియము పట్టీ మాత్రము మమ్ము రెండేండ్లు త్రిప్పినది. ఆ పట్టీ కథ చెప్పుటకే వచ్చితిని. కాని దానిని మా తండ్రిగారి బండితో మొదలుపెట్టవలసియున్నది.

1968వ సంవత్సరమున శ్రీరామనవమికి మేము గూడుబండిలో భద్రాచలము పయనమైతిమి. గోదావరిపై వంతెన 1965లో తెరచిరి గనుక, మునుపటివలె బండిని ఈవలి గట్టున విడిచి పడవ యెక్కవలసిన పని తప్పినది. బండిగూడు వెదురుబద్దలది, పైన తడిక. తడిక అంచులు చివుకకుండ మా తండ్రిగారు కిరసనాయిలు డబ్బాలను కోయించి, చదును చేయించి, ఆ రేకులను చుట్టును మేకులతో కొట్టించిరి. ఆ దినములలో పల్లెలో రేకు కావలెనన్న దొరకునది అదియే. పాల్వంచ చేరువలో అకాలవర్షము కురిసినది. మేకుల రంధ్రములు బండి కుదుపులకు పెద్దవై యుండెను. నీరు ఆ దారినే లోనికి వచ్చి, అంచుక్రింద సంచిలో నున్న వ్రాతప్రతిని తడిపినది. అది మా తండ్రిగారు పదునాలుగేండ్లు వ్రాసిన ఛందోవ్యాఖ్య. వారు ఎవరిని ఏమియు ననలేదు. పాల్వంచలో ఒకరి అరుగుమీద కూర్చుండి ఒక్కొక్క పుటను విడదీసి ఆరబెట్టిరి. చదువ వీలుగ మిగిలినది మూడవవంతు. దానిని వారు మరల వ్రాయలేదు.

ఆ రేకు కొట్టిన కమ్మరియే మా బండిచక్రములకు పట్టాలు ఎక్కించినవాడు. ఆ పని చూచినవారు నేడు తక్కువ గనుక కొంత వివరింతును. తుమ్మకొయ్యతో కుండయు, ఆకులును, పూటీలును అమర్చి వడ్రంగి చక్రమును అప్పగించును. కమ్మరి దాని చుట్టుకొలత తీసి, ఇనుపపట్టాను ఆ కొలతకంటె కొంచెము తక్కువగ కోసి, వంచి, కొనలు కాచి అతుకును. చల్లగా నున్నప్పుడు ఆ వలయము చక్రమున కెక్కదు. దానిని నేలపై పరచి, చుట్టును పిడకలు పేర్చి నిప్పు పెట్టుదురు. అయిదడుగుల చక్రపు పట్టా అయిదువందల డిగ్రీలు వేడెక్కినచో చుట్టుకొలతలో అంగుళమునకు పైగా పెరుగును. అప్పుడు నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రముపై దింపుదురు. కొయ్య భగ్గున అంటుకొనును. వెంటనే కుండలతో నీళ్లు గ్రుమ్మరింతురు. ఇనుము ముడుచుకొనుచు పూటీలను ఆకులపైకి, ఆకులను కుండలోనికి నొక్కును. కీళ్లన్నియు కిఱ్ఱుమనును. పిల్లలమై ఆ చప్పుడుకొరకే కాచుకొని యుండెడివారము. వేడికి లోహము పెరుగుననియు, చలువకు తగ్గుననియు మా కమ్మరి ఏ పుస్తకమునను చదువలేదు. ఆ పెరుగుదలను పనివానివలె పిలిచి వాడుకొనెను.

ఇక అల్యూమినియము సంగతి. అమరకోశములో దీనికి పేరు లేకుండుట వింత కాదు. మట్టిలో విస్తారముగ నున్నను ఇది విడి లోహముగ మనుష్యుని కంటబడినది 1825 తరువాతనే. పటికకు లాటిను భాషలో నున్న పేరునుండి దీని పేరు పుట్టినది. 1854లో ఫ్రాన్సు దేశమున డెవిల్ అను రసాయనవేత్త దీనిని కొంత అగ్గువగ తీయుమార్గము కనుగొనెను. అయినను 1884లో అమెరికాలో వాషింగ్టను స్మారకస్తంభపు కొనకు నూరు ఔన్సుల అల్యూమినియపు ముక్కను తొడుగుట గొప్ప వింతగ చెప్పుకొనిరి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరి నొకరు ఎరుగకయే, విద్యుచ్ఛక్తితో దీనిని వేరుచేయు పద్ధతి సాధించిరి. ఇరువురును 1863లో పుట్టి 1914లో గతించినవారే. దానితో వెల పడిపోయినది.

1898లో మద్రాసు కళాపాఠశాలయందు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర అల్యూమినియపు పాత్రలు చేయించుట ఆరంభించెను. 1900లో ఆ పనికై అచ్చట ఒక కంపెనీయే ఏర్పడినది. లోహము మాత్రము విదేశములనుండియే రావలెను. మన దేశమున దీనిని కరగించుట 1943లో కేరళలోని ఆలువా దగ్గర మొదలైనది. మనవారు ఈ పాత్రలను సత్తుగిన్నెలనిరి, సిల్వరుగిన్నెలనిరి. సత్తును కాదు, వెండియు కాదు. తెల్లగ నున్నది గనుక తెలిసిన పేరొకటి తగిలించిరి. మా యింటిలోని సిల్వరుబిందె మా అవ్వ కాలమునాటిది. అప్పుడు గోదావరికి ఆవలి భద్రాచలము మద్రాసు ప్రభుత్వముక్రింద, మా జూలూరుపాడు నిజాముక్రింద నుండెను. సరిహద్దు దాటివచ్చు సరుకుపై కరోడ్‌గిరి సుంకము కట్టవలసియుండెను.

గిన్నెనుండి బండికి ఈ లోహము వచ్చినది విమానముల మూలమున. తేలికదనము విమానమునకు ప్రాణము. అల్యూమినియము అదే పరిమాణముగల ఇనుములో మూడవవంతు తూగును. విమానములు కట్టి చేయితిరిగిన బౌలస్ అను అమెరికావాడు 1934లో రివెట్లతో అల్యూమినియపు ఇంటిబండిని చేసెను. ఆ త్రోవనే 1936లో వాలీ బయమ్ తన బండిని అంగడిలో పెట్టెను. ఈ బయమ్ అంతకుముందు, ఇంటివద్దనే బండి కట్టుకొనుటకు పటములు వ్రాసి అమ్మినవాడు. మా మేనల్లునివంటివారు ఆ దేశమున అప్పటికే పెక్కుమంది యుండిరన్నమాట.

మన ప్రాంతమున అట్టి బండ్ల సామగ్రి అమ్ము దుకాణము మాకు కానరాలేదు. కిటికీలకును, అద్దపు తడకలకును వాడు సెక్షన్లు అమ్ము కొత్తగూడెపు దుకాణములో అంగుళపు యాంగిలు, పండ్రెండడుగుల కమ్ములు దొరకినవి. బస్సుపైన వేసి తెచ్చుటలో ఒకటి వంగినది. మరమేకులు ఇత్తడివి కావలెనని పట్టుపట్టినవాడను నేను. తెల్లని పట్టీపై పచ్చని మేకుతలలు చూడముచ్చటగ నుండునని నా ఊహ. మాఘమాసపు చలిలో, ఉదయముననే, రంధ్రములు సరిగ్గ మేకు మందమునకు తొలిచి గట్టిగ బిగించితిమి. వైశాఖమునకు పట్టీ మేకునకు మేకునకు నడుమ ఉబ్బి లేచినది. క్రింద పూసిన లప్పము చీలినది. తొలకరికి నీరు దిగి ప్లైవుడ్డు పొరలు విచ్చుకొన్నవి. ఇత్తడిమేకుల చుట్టును అల్యూమినియము తెల్లని పొడియై రాలుచుండెను. తడిలో ఇత్తడియో ఇనుమో తగిలియున్నచో నశించునది అల్యూమినియమే. నా సౌందర్యదృష్టికి ఫలమది.

ఆ పాత కమ్మరి కుమారునికి నేడు ఎనుబదేండ్లకు దగ్గర. కఱ్ఱ పోటు వేసికొని వచ్చి బండిచుట్టును తిరిగి చూచి, "పంతులుగారూ, అప్పుడు పట్టా బిగియాలనే కాలిస్తిమి. ఇది ఎండకు పెరుగుతది గదా, పెరిగి ఎటు పోవాలె?" అనెను. నాకు మాట రాలేదు. లెక్క వేసి చూచితిని. పండ్రెండడుగుల కమ్మి నలువది డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగును. ఇనుము పెరుగునది అందులో ఇంచుమించు సగము, కొయ్య ఇంకను తక్కువ.

ముందుమూల వంపునకు కమ్మిని వంచుట మరియొక చిక్కు. చల్లగా వంచిన ముడత పడినది. ముదుసలి దానిని కొలిమిలో పెట్టి ఎరుపుకొరకు చూచుచుండగనే కొన జారి బూడిదలో పడినది. ఇనుము ఎరుపెక్కి హెచ్చరించును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును, అంతవరకు పగటి వెలుగులో రంగు చూపదు. "చెప్పకుండ పోయే లోహం" అని ఆయన నవ్వెను. మేనల్లుడు ఎచ్చటనో నేర్చి వచ్చిన ఉపాయము పనికివచ్చినది: కమ్మిపై సబ్బు రాచి కాచవలెను, సబ్బుగీత నల్లబడగనే తీయవలెను. అప్పుడది మెత్తబడి వంగినది.

రెండవమారు రంధ్రములను పొడవుగ కోసితిమి. ప్రతి కమ్మికి నడుమ మేకొక్కటి మాత్రమే గట్టిగ బిగించి, తక్కినవానిని కమ్మి జరుగుటకు వీలుగ విడిచితిమి. మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువి. పట్టీక్రింద లప్పమునకు బదులు ఎన్నడును ఎండిపోని బ్యూటైలు పట్టీ పరచితిమి. కొనలు ఒకదాని కొకటి తగులకుండ సందు విడిచితిమి.

ఆషాఢమున వానకు ముందు ఒక గంటసేపు గొట్టముతో బండిపై నీరు కొట్టించి చూచితిమి. సిరాతో వ్రాసిన నాలుగు కాగితములను నేను లోపల నాలుగు మూలల అంటించి యుంటిని. మూడింటిపై అక్షరములు చెదరలేదు. వెనుకతలుపు కీలువైపు కాగితముపై సిరా కొంచెము ప్రాకినది. మేనల్లుడు ఆ ప్రక్క పట్టీని మరల విప్పి పెట్టినాడు.