కూల్డ్రే దొర కుంచె, గోదావరి గట్టు

చిత్రకారుడు దామెర్ల రామారావు గురించి ఎవరు రాసినా మొదటి పేజీలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలోని విద్యను పసిగట్టి బొంబాయి పంపించాడు. అంతే, ఆ తర్వాత కూల్డ్రే మళ్లీ కనబడడు. సిఫారసు చేసి తప్పుకున్న మంచి దొరగానే మన కళాచరిత్రలో మిగిలిపోయాడు. ఆయన స్వయంగా చిత్రకారుడనీ, నీటిరంగుల్లో దృశ్యాలు వేయడం ఆయనకు జీవితకాలపు వ్యసనమనీ చెప్పేవాళ్లు అరుదు. ఆ సంగతి వదిలేస్తే గోదావరి చిత్రకళ పుట్టుక మనకు సగమే తెలుస్తుందని నా నమ్మకం.

నీటిరంగు దృశ్యచిత్రం ఇంగ్లీషువాళ్లు ప్రత్యేకంగా తమదని చెప్పుకునే విద్య. శాండ్‌బీ, గిర్టిన్, టర్నర్, కాట్‌మన్ వగైరా పేర్లు, 1804లో లండన్‌లో నీటిరంగు చిత్రకారులు పెట్టుకున్న సంఘం, ఇదంతా ఏ పుస్తకం తిరగేసినా దొరుకుతుంది. మనకు కావలసిన పాయ వేరే ఉంది. శాండ్‌బీ ఊలిచ్ మిలిటరీ అకాడమీలో డ్రాయింగు మాస్టరు. ఆర్థర్ కాటన్ చదివిన అడిస్కోంబ్‌లోనూ డ్రాయింగు పాఠం ఉండేది. కొండ మలుపును, ఏటి వంపును కాగితం మీదికి ఎక్కించడం ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్ల ఉద్యోగంలో భాగం. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది ఆ తరమే. వాళ్లకు గోదావరి కొలవవలసిన నీరు. నదిని నదిగా కూర్చుని చూసే తీరిక వాళ్ల తర్వాత వచ్చినవాళ్లది.

ఓస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే 1882లో పుట్టాడు. థేమ్స్ నది ఒడ్డునున్న ఆబింగ్డన్ ఆయన ఊరు, ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కాలేజీ ఆయన చదువు. 1909లో రాజమండ్రికి ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. వచ్చిన వేళ మంచిది కాదు. రెండేళ్ల కిందటే, 1907లో, బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడి వెళ్లాడు. వందేమాతరం అన్న విద్యార్థుల మీద నాటి ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ విరుచుకుపడ్డాడు, ట్రైనింగ్ కాలేజీలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నాడు. తెల్ల ప్రిన్సిపాల్ అంటే కుర్రాళ్లు పళ్లు నూరే రోజులవి. అలాంటి కాలేజీలో పదేళ్లు తిరగకముందే దామెర్ల, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఆ తెల్లాయననే గురువుగా చెప్పుకునే స్థితి వచ్చింది. దీన్ని దొరగారి దయ కింద కట్టేసి చేతులు దులుపుకోవడం నాకు మింగుడు పడదు. దయగల దొరలు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల కాలేజీల్లో చిత్రకారులు పుట్టలేదు.

తేడా ఎక్కడుందంటే, ఆయన పాఠం చెప్పి ఊరుకోక తానే వేసేవాడు. నీటిరంగు సంగతి కాస్త దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. నూనెరంగులో పొరపాటు మీద ఇంకో పూత పూయవచ్చు. నీటిరంగులో వెలుగు ఉండేది కాగితం తెలుపులో. దాన్ని మొదటే వదిలిపెట్టాలి, ఒకసారి కప్పేస్తే మళ్లీ పూర్తిగా రాదు. పైగా మన వాతావరణం ఈ విద్యకు పగ పట్టినట్టే ఉంటుంది. రోహిణి కార్తెలో ఆకాశానికి పూత పరిచి కుంచె ముంచుకునేలోగా అంచు ఆరిపోయి గీత పడుతుంది. శ్రావణంలో అదే పూత గంటైనా ఆరదు, పక్క రంగు దానిలోకి దిగిపోతుంది. ఎర్రనీరు వచ్చిన గోదావరిని ఇంగ్లీషు పాఠాల్లోని నీలం, బూడిద రంగులతో వేయడం కుదరదు. అంటే ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న విద్యను ఇక్కడి ఎండకీ చెమ్మకీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. మాస్టారే అలా తంటాలు పడుతుంటే చూసిన శిష్యుడికి ఒక సంగతి తట్టి తీరుతుంది: మన ఊరి గట్టు కూడా బొమ్మకు తగిన వస్తువే. అంతకుముందు తెలుగునాట చెట్టూ ఏరూ బొమ్మల్లో లేకపోలేదు, లేపాక్షి గోడల మీదా కలంకారీ బట్టల మీదా ఉన్నాయి. కాకపోతే కథకు వెనకాల ఉన్నాయి.

ఇక్కడ రెండు వాదాలతో నాకు పేచీ. ఆంధ్ర చిత్రకళ బెంగాలు బడికి కొమ్మ అనేది ఒకటి. బందరులో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర నేర్చిన బాపిరాజు విషయంలో అది చాలావరకు చెల్లుతుంది. తూర్పు కనుమల్లో గోదావరిని నేరుగా చూసి వేసిన రామారావు విషయంలో చెల్లదు. రెండోది, కూల్డ్రే నేర్పింది పడమటి పద్ధతి, శిష్యులు దాన్ని వదిలించుకుని భారతీయులయ్యారనేది. నిజం దాదాపు తలకిందులు. తాను ఇంగ్లీషు పద్ధతిలో వేసుకుంటూనే, మీ నేల మీది వస్తువులు, మీ కథలు, మీ పాత చిత్రాలు చూడండని వాళ్లను ముందుకు తోసింది ఆయనే.

అలాగని అంతా ఆయన ఖాతాలో వేయను. 1916లో రామారావు చేరిన బొంబాయి జె.జె. ఆర్టు స్కూలు గొప్ప శిక్షణ ఇచ్చింది, ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ అతని మీద శ్రద్ధ పెట్టాడు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి పేరుమోసిన చిత్రాలు మనుషుల చిత్రాలు, వాటి వెనక అజంతా, బొంబాయి రెండూ ఉన్నాయి. పైగా ప్రకృతి మీద మోజు ఆనాడు గాలిలోనే ఉంది. కూల్డ్రే రాజమండ్రిలో ఉన్న ఆ రోజుల్లోనే ఇక్కడ మా కాకినాడ పి.ఆర్. కాలేజీకి రఘుపతి వేంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్. ఆయన నీడన చదివిన దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టింది 1897లో, సరిగ్గా రామారావు పుట్టిన ఏడే. ఆ కవి ‘కృష్ణపక్షం’ వచ్చింది 1925లో, రామారావు మశూచితో పోయిన ఏడాది. రెండు ఊళ్లకూ మధ్య 60 కిలోమీటర్లు. ఒకచోట కవిత్వంలో, ఇంకోచోట రంగుల్లో ఏరూ ఆకూ వస్తువులైపోయాయి. దీన్ని ఒక్క కూల్డ్రే వల్ల జరిగిన పని అనలేం. రాజమండ్రిలో అది బొమ్మగా తేలడానికి మాత్రం ఆయన ఉండటమే కారణమంటాను. కాకినాడలోనూ గొప్ప గురువు ఉన్నాడు గానీ ఆయన చేతిలో కుంచె లేదు.

వినికిడి దెబ్బతినడంతో కూల్డ్రే 1919లో ఉద్యోగం వదిలి ఆబింగ్డన్ చేరాడు. తర్వాతి ఏడు ‘థేమ్స్ అండ్ గోదావరి’ అనే కవితల పుస్తకం, 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ తెచ్చాడు. ఆ 1924లోనే శిష్యుడి చిత్రాలు లండన్ వెంబ్లీ ప్రదర్శనకు వెళ్లాయి. మరుసటి ఫిబ్రవరికి శిష్యుడే లేడు, 28 ఏళ్లయినా నిండలేదు. గురువు ఇంకో 33 ఏళ్లు బతికి 1958లో పోయాడు. చిత్రకారుడిగా ఆయన స్థానం ఏమిటంటే, మొదటి వరుస కాదు. కాట్‌మన్ పక్కన నిలబెడితే తేలిపోతాడు. ఇంగ్లండులో అప్పటికే పాతబడిన విద్యను నిజాయతీగా సాగించిన చిన్న చిత్రకారుడు. ఒక్కోసారి చిన్న చిత్రకారులే మంచి గురువులవుతారు, తమ ముద్ర శిష్యుడి మీద పడేంత బలం వాళ్లకు ఉండదు కనుక.

ఇవాళ్టి సంగతి చెప్పుకుంటే సంతోషించడానికి తక్కువే ఉంది. రాజమండ్రిలో దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ఉంది, వరదా వెంకటరత్నం వంటివాళ్లు పట్టుబట్టి నిలబెట్టారు, అది నిజంగా గొప్ప విషయం. కానీ గోదావరి బొమ్మ పేరుతో బజారులో దొరుకుతున్నది ఒక కొబ్బరిచెట్టు, ఒక పడవ, నారింజరంగు సూర్యుడు. కనుమల్లో రామారావు చూసిన గట్లేమో పోలవరం ప్రాజెక్టు నీళ్లతో రూపు మారిపోతున్నాయి. ఇప్పుడు ఆ దృశ్యచిత్రాలు కళాఖండాలే కాదు, పోతున్న నేలకు సాక్ష్యాలు కూడా.

కాబట్టి చేయవలసిన పని ఒకటి కనబడుతోంది. గురువు వేసినవీ శిష్యుడు వేసినవీ గోదావరి దృశ్యాలను ఒకేచోట పెట్టి చూపించాలి, అసలు చిత్రాలు రాకపోతే మంచి ప్రతులైనా చాలు. నీటిరంగు వెలుతురుకు వెలిసిపోతుంది. విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖ ఈ పని వాయిదా వేసినకొద్దీ చూపించడానికి రంగే మిగలదు.