తపాలా బిళ్ళపై తెలుగు

తపాలా బిళ్ళల సేకరణ పిల్లల కాలక్షేపమని తలచువారు ఎం.ఎ. నయీమ్ గ్రంథాలు చూడవలెను. దక్కను తపాలా వ్యవస్థపై 1968లో వెలువడిన ఆయన పరిశోధన బిళ్ళలతో కాక 1294వ సంవత్సరంతో ఆరంభమవుతుంది. అది సరియైన ఆరంభమే. ఢిల్లీ సైన్యం ఓరుగల్లును ముట్టడించినప్పుడు (1310) దారిలోని తపాలా ఠాణాలు కొన్ని తెగిపోయి, నలభై దినాలకు పైగా వార్త రాలేదనీ, కలత చెందిన సుల్తాన్ అలావుద్దీన్ హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ) సన్నిధికి మనుషులను పంపెననీ చరిత్రకారుడు బరనీ వ్రాశాడు.

ఇక బిళ్ళల మాట. నెల్లూరు తీరం 1801లో ఆర్కాటు నవాబు చేతినుండి కంపెనీకి పోయినది. కనుక 1854లో బిళ్ళలు వచ్చినప్పుడు అక్కడి ఉత్తరాలపై విక్టోరియా రాణి తల, ఇంగ్లీషు అక్షరాలే, తెలుగు లేదు. 1871 నాటి నిజాం బిళ్ళపై మాత్రం పారసీ, ఇంగ్లీషు, మరాఠీలతోపాటు తెలుగూ ఉన్నది! అంతమాత్రాన ఆ రాజ్యంలో తెలుగుకు సమస్థానం దక్కెనని వాదించరాదు. 1880లలో పారసీని తొలగించి రాజభాషగా నిలిపినది ఉర్దూనే. అయితే బిళ్ళ కొనవలసిన రైతుకు వెల తన లిపిలో తెలియవలెనని సర్కారు గ్రహించినది. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయినది.