నల్లరేగడి కాసరతీగ

రాజపాళయమునకు తూర్పున, పడమటి కనుమల నీడ వదలి నేల నల్లబడుచు పోవు దారిలో, గాయములకు కట్టెడు గాజుగుడ్డ నేతకు పేరొందిన సత్రపట్టి కలదు. ఆ గుడ్డ చరిత్ర వ్రాయువారు పత్తిని గూర్చియు, 1936లో వెలసిన రాజపాళయము మిల్లును గూర్చియు వ్రాయుట న్యాయమే. కాని ఆ పత్తిచేలలోనే, ఎవరును విత్తకయే మొలచి, ఎవరును నీరు పెట్టకయే కాచి, కూలిజనుల కూటికి కూరయైన అడవితీగ చరిత్రయు వ్రాయదగినదే.

రాయలసీమవారు దీనిని కాసర యందురు. ఇక్కడి తమిళులకు ఇది అదలక్కాయ. సామర్లకోటలో కుంఫిణీ కొలువున నుండి తెలుగునాటి మొక్కలకు బొమ్మలు వ్రాయించిన విలియం రాక్స్‌బరో దీనిని బీరజాతిలో చేర్చగా, తరువాతి శాస్త్రజ్ఞులు కాకరజాతికి మార్చిరి. దీని బలమంతయు దుంపలో నున్నది. వేసవిలో తీగ యెండి మాయమైనను, దుంప నేలలోతున నిలిచి, వానలు పడగానే మరల చిగురించును.

మధుర నాయకుల కాలమున దక్షిణమునకు వలసవచ్చిన తెలుగువారు ఈ ప్రాంతపు రేగడినేలల నెట్లు సాగుకు తెచ్చిరో, ఆ సంతతివాడైన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో హృద్యముగ చిత్రించెను. విడిచివచ్చిన సీమలోని తీగయే ఇక్కడి గట్లపైనను ప్రాకుచుండుట చూచిన యింటి యిల్లాండ్ర కెంత ఊరట కలిగియుండునో! 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి అక్కడి పత్తి ఇంగ్లండునకు చేరుట తగ్గిపోగా, తిరునల్వేలి పత్తికి గిరాకి పెరిగి, బేళ్లు తూత్తుకుడి రేవునుండి ఓడ లెక్కెను. కాసర మాత్రము పొరుగు సంతను దాటలేదు. వ్రేలికొనంత కాయ, ఎనిమిది కణుపుగీతలతో, కోసిన మరునాటికే పగిలి గింజలు బయటపెట్టును. కనుక కలుపు తీయబోయిన స్త్రీలు ఒడిలో నింపుకొని వచ్చి, ఆ సాయంకాలమే రెండు కొనలును గిల్లి, ఉల్లిపాయయు మిరపకాయయు చేర్చి నూనెలో వేచి, ఆ చేదును ఇష్టముగా తినెడివారు. వర్తకున కక్కరకు రాని కాయ యగుటచేతనే దానికి పన్నును లేదు, దస్తావేజును లేదు, దొంగయును లేడు.

నేడు కార్తిక మార్గశిరములలో సంతకు వచ్చు కాసర యరుదగుచున్నది. ట్రాక్టరు లోతుగ దున్ని దుంపను పెకలించుచున్నది, కలుపుమందు చిగురును మాడ్చుచున్నది, చేలు ఇండ్లస్థలములగుచున్నవి. గింజ పెంకు గట్టిది, సులభముగ మొలవదు. కావున దుంప పోయిన చేనిలో ఈ తీగను మరల చూచుట దుర్లభము.