డేవిస్ డ్యామ్ ఘాట్‌లో

జూలై, మిట్టమధ్యాహ్నం. అరిజోనాలోని బుల్‌హెడ్ సిటీ. పక్కనే కొలరాడో నది పారుతున్నా గాలిలో చెమ్మ లేదు. ట్రక్కు తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. డాష్‌బోర్డు 112 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది, మన లెక్కలో 44. నదికి అవతల నెవాడా ఒడ్డున లాఫ్లిన్ క్యాసినోలు ఎండలో మెరుస్తున్నాయి. మీ పికప్పు వెనక 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్, అంటే మూడు టన్నుల పైమాటే. ఎదురుగా బ్లాక్ మౌంటెన్స్. వాటి మీదుగా కింగ్‌మన్ వైపు పోయే స్టేట్ రూట్ 68లో పదకొండు మైళ్ల చిల్లరలో సుమారు 3,000 అడుగులు ఎక్కాలి.

పికప్పుల వాళ్లు డేవిస్ డ్యామ్ గ్రేడ్ అనేది ఈ రోడ్డునే. కంపెనీలు చెప్పుకునే టోయింగ్ (బరువు లాగే) అంకెలకు అగ్నిపరీక్ష ఇక్కడే. ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో తెచ్చిన జె2807 ప్రమాణం ప్రకారం కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, ఏసీ పూర్తిగా పెట్టుకుని, మామూలు పికప్పు గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఈ ఘాట్ ఎక్కాలి. అంతకుముందు ఎవరి లెక్క వాళ్లదే. 2011 టండ్రా పికప్పుతో టయోటా ముందుగా ఈ పద్ధతికి ఒప్పుకుని, తన పాత అంకెల్ని తనే తగ్గించుకుంది. మిగతా పెద్ద కంపెనీలకు ఆ మాత్రం ధైర్యం రావడానికి కొన్నేళ్లు పట్టింది.

స్టార్ట్ చేసేముందు దిగి, పక్కనుంచి ఓసారి చూడండి. ట్రక్కు వెనక కుంగి, ముక్కు పైకి లేచిందా? అయితే ముందు చక్రాలకు పట్టు తగ్గింది, స్టీరింగు తేలిపోతుంది. ఎడ్లబండికి బస్తాలు సర్దినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు: ముందుకు మొగ్గితే ఎద్దుల మెడ మీద భారం, వెనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కుకు తగిలించే కొక్కెం మీద, పడాలి. మీ 7,000కు అది 700 నుంచి 1,050 పౌండ్లు. బాగా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అందుకే జనరేటర్‌ను, నీళ్ల డబ్బాలను వెనక కొస నుంచి తీసి ఇరుసుకు కాస్త ముందుకు జరపండి. స్ప్రింగు కడ్డీలున్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉంటే, వాటిని బిగించగానే ట్రక్కు వెనక భాగం లేస్తుంది. ఆ బరువు కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రైలర్ ఇరుసులకు సర్దుకుంటుంది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకున్నారు కదా. ఇక బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మీట నొక్కండి.

ఊరు దాటగానే రోడ్డు పైకి లేచింది. 2,000 దగ్గర నిదానంగా తిరుగుతున్న ఇంజను ఒక్కసారిగా 4,500 ఆర్‌పీఎంకు పోయింది. పక్క సీట్లో మీ బావమరిది ఉలిక్కిపడ్డాడు. "మెల్లగా బావా, ఇంజను అరుస్తోంది!" అరవనివ్వండి. పై గేరులో పెట్టి తక్కువ తిప్పుల్లో ఈడ్పిస్తేనే దానికి చేటు. టో/హాల్ మోడ్ కింది గేరును పట్టుకుని ఉంటుంది, మాటిమాటికీ గేర్లు మార్చి ఆయిల్‌ను కాగబెట్టదు.

మీ కన్ను ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడి మీదే ఉండాలి. 200 డిగ్రీలు, పర్వాలేదు. 208. 215. కాలు కాస్త తేలిక చేసి కుడి లేనులోకి రండి. 65 మైళ్ల వేగాన్ని 55కు దించండి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనం లెక్కన పెరుగుతుంది కాబట్టి, ఈ పది మైళ్లు తగ్గిస్తే ఆ పద్దులో దాదాపు 40 శాతం మిగులు. రెండు మలుపులు తిరిగేసరికి వేడి పెరగడం ఆగింది.

ఘాట్ కొసన యూనియన్ పాస్ దగ్గర ఎత్తు సుమారు 3,500 అడుగులు. టర్బో లేని ఇంజనుకు ప్రతి వెయ్యి అడుగులకు 3 శాతం చొప్పున బలం తగ్గుతుంది. అంటే ఈపాటికి పదో వంతు పోయింది. "ఏదైనా చిప్ పెట్టిస్తే పోలా?" అంటాడు బావమరిది. చిప్పులు, ఎయిర్ ఇంటేక్ కిట్లు చప్పుడు పెంచినంతగా లాగుడు పెంచవు; పైగా వారంటీతో పేచీ. ఖర్చు పెట్టాలనే ఉంటే అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్ వేయించండి. కొత్త ట్రక్కు కొంటుంటే వెనక ఇరుసు నిష్పత్తి అడగండి. 3.21 బదులు 3.92 తీసుకుంటే ప్రతి గేరులోనూ చక్రాల దగ్గర 22 శాతం ఎక్కువ లాగుడు దొరుకుతుంది, కాస్త పెట్రోలు ఎక్కువ తాగినా.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. ఒకసారి గట్టిగా నొక్కి వదిలితే టో/హాల్ మోడే కింది గేరుకు దిగి బండిని పట్టి ఉంచుతుంది. ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్‌ను ఘాట్ ఎక్కకముందే సరిచూసుకోవాలి.

కొండ అవతల గోల్డెన్ వ్యాలీ చేరి ట్రక్కు ఆపాక, డ్రైవర్ తలుపు తీసి చట్రం మీది స్టిక్కరు బావమరిదికి చూపించండి. మనుషులు, సామాను కలిపి మోయగల బరువు దాని మీద ఉంటుంది. హిచ్ మీద పడే బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. చాలా ట్రక్కుల్లో టోయింగ్ అంకె కంటే ముందు నిండిపోయేది ఇదే. ట్రైలర్ కొనాలనుకుంటే ముందు మీ ట్రక్కు తలుపు తీసి ఆ అంకె రాసుకుని, తరవాతే బేరానికి వెళ్లండి.