పడవెక్కిన పుస్తకాలు

అమెరికాలో మన ఆదివారం తెలుగు తరగతులు జరిగే చోట చాలాసార్లు ఒక పుస్తకాల బీరువా కనిపిస్తుంది. ఇండియా నుంచి సూట్‌కేసు బరువు చూసుకుంటూ, పచ్చళ్ళు తగ్గించుకుని మరీ తెచ్చిన పుస్తకాలు. పోతాయేమోనని దానికి తాళం. ఆ తాళం గురించి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు దానికి పూనుకున్నారు. మొదట నడిచింది రావిచెట్టు వారి ఇంట్లోనే. అప్పుడు నిజాం రాజ్యంలో కచేరీల్లో ఉర్దూ, ఇళ్ళలో తెలుగు. ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష అన్న అవస్థ మన పిల్లలతో మొదలైంది కాదన్నమాట.

కోస్తాలో 1914 ఏప్రిల్‌లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. వెనక ఉండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది.

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది పడవ కథ. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కాలువలో పడవ ప్రయాణం అంటే గంటల వ్యవహారం. ఊరికే కూర్చున్న ప్రయాణికుడి చేతికి పుస్తకం అందించారు! నీళ్ళ పక్కన కాగితం పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో చూడండి. పేరు తెలియని ప్రయాణికుణ్ణి వాళ్ళు నమ్మారు. మనం మన తరగతిలో, అమ్మానాన్నల ఫోన్ నంబరుతో సహా తెలిసిన పిల్లల్ని నమ్మలేమా?

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులు రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు ప్రచురించారు. మొదటిది, పుస్తకాలు వాడుకోవడానికే అని. పూర్వం యూరప్‌లో పుస్తకాల్ని బల్లలకు గొలుసులతో కట్టేసేవారు. మన బీరువా తాళం ఆ గొలుసుకు చుట్టమే.

తాళం తీశాక ఏం చెయ్యాలి? నేను చేసేది కంప్యూటర్ ఉద్యోగమే అయినా, అరవై పుస్తకాలకు సాఫ్ట్‌వేర్ వద్దంటాను. ఒక నోటుబుక్కు చాలు. పిల్లవాడి పేరు, పుస్తకం పేరు, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ. పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు వంతులవారీగా రాస్తారు. తెలుగులోనే రాయాలి, అదే వాళ్ళకి చేతిరాత అభ్యాసం. గడువు రెండు వారాలు. జరిమానా పెట్టకండి. జరిమానా భయం ఉన్న ఇంట్లో పుస్తకం సోఫా మీదికి రాదు, పిల్లవాడి బ్యాగులోనే పడి ఉంటుంది. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు పోతాయనుకుని ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. చిరిగితే ఇంకా సంతోషం, ఎవరో చదివారన్నమాట.

నోటుబుక్కులో అయిదో గడి ఒకటి గీయండి: ఎన్నో పేజీలో ఆపావు? తిట్టడానికి కాదు. పాత చందమామ పది మంది తీసుకెళ్ళి పది మందీ మూడో పేజీలోనే ఆపేస్తే, వచ్చే వేసవిలో ఇండియా వెళ్ళే వాళ్ళకి పెద్ద అక్షరాల పుస్తకాలు తెమ్మని చెప్పాలి.