హెక్సోకైనేజ్: ఒక శతాబ్దపు ప్రస్థానం

తెనాలి దాటి రేపల్లె మీదుగా సముద్రం వైపు సాగే పల్లెల్లో, వేకువన దించిన తియ్యటి తాటినీరు పొద్దెక్కేసరికి పులిసి కల్లవుతుందని తరతరాలుగా అందరికీ తెలుసు. ఎలా పులుస్తుందన్నది మాత్రం పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ప్రపంచంలో ఎవరికీ తేలలేదు. బతికి ఉన్న కణం లేనిదే ఆ పని జరగదని పాశ్చర్ అంతటివాడు నమ్మాడు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును నూరి, పిండి, కణాలు లేని రసం తీశాడు. చక్కెర కలిపితే ఆ రసమూ పులిసింది. జీవరసాయన శాస్త్రం ఆ గిన్నెలోనే పుట్టిందనడం అతిశయోక్తి కాదు. పదేళ్లు తిరక్కుండానే ఇంగ్లండులో హార్డెన్, యంగ్ ఆ రసంలో ఫాస్ఫేటు వేస్తే పులియడం జోరందుకుంటుందనీ, ఆ ఫాస్ఫేటు చక్కెరకే అతుక్కుంటుందనీ చూపించారు. ఆ అతుకు వేసే ఎంజైమును 1927లో ఓటో మయర్‌హోఫ్ ఈస్టులో పట్టుకున్నాడు. అదే హెక్సోకైనేజ్.

అయితే ఆ ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్న దగ్గర కథలోకి మన తెలుగువాడు అడుగుపెడతాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డు చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫేటును నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతి ప్రకటించాడు. మన కాలేజీల ప్రయోగశాలల్లో జీవరసాయన విద్యార్థులు ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే ఆ పద్ధతి నేర్చుకుంటున్నారు. కొలత చేతికొచ్చాక దారి తెరుచుకుంది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలు శక్తి కోసం వెచ్చించే అణువు ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. హెక్సోకైనేజ్ గ్లూకోజుకు తగిలించే ఫాస్ఫేటును ఇచ్చేది ఆ ఏటీపీయే. కణం చక్కెర నుంచి శక్తి రాబట్టే పది మెట్ల గ్లైకాలసిస్‌లో ఇది తొలిమెట్టు. పంట ఇంటికి రాకముందే విత్తనం మీద ఖర్చు పెట్టే రైతులాగా, కణం ఇక్కడ ముందుగా ఒక ఏటీపీని వెచ్చిస్తుంది. ఫాస్ఫేటు తగిలిన గ్లూకోజు ఇక కణం పొర దాటి బయటికి పోలేదు.

ఎంజైము రూపం కళ్లకు కట్టడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1946లో అది స్ఫటికంగా చిక్కింది. గ్లూకోజు చేరగానే ఎంజైము తన ఆకారం మార్చుకుంటుందని 1958లో కోష్లాండ్ ఊహించాడు. 1970ల్లో థామస్ స్టైట్స్ బృందం ఎక్స్-కిరణాలతో దాన్ని నిరూపించింది. రెండు భాగాలు, మధ్యలో లోతైన చీలిక. గ్లూకోజు అందులోకి దిగగానే ఒక భాగం సుమారు 12 డిగ్రీలు తిరిగి మూసుకుంటుంది. నీరు లోపలికి రాదు కాబట్టి ఏటీపీ ఫాస్ఫేటు వృథాగా నీటికి పోకుండా చక్కెరకే చేరుతుంది. ఆ స్టైట్స్ తర్వాత 2009లో వెంకీ రామకృష్ణన్‌తో నోబెల్ పంచుకున్నాడు.

మనిషిలో ఈ కుటుంబానికి ప్రధానంగా నాలుగు రూపాలు. మెదడులోనిది కొద్దిపాటి గ్లూకోజుకే పూర్తిగా పనిచేసి, తాను తయారుచేసింది పేరుకుంటే తనంతట తానే నెమ్మదిస్తుంది. కాలేయంలోని గ్లూకోకైనేజ్ అలా కాదు, భోజనమయ్యాక రక్తంలో చక్కెర పెరిగినప్పుడే చురుకవుతుంది. క్లోమంలో అదే ఇన్సులిన్‌కు సంకేతమిస్తుంది. దాని జన్యువు చెడితే ఒక తరహా మధుమేహం వంశంలో దిగుతుందని 1992లో తేలింది.

1976లో మనుషులకు తొలిసారి ఇచ్చిన, రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చిన గ్లూకోజు ఈ ఎంజైము పనినే వైద్యులకు చూపింది. హెక్సోకైనేజ్ దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది, కానీ అది తర్వాతి మెట్టెక్కలేక కణంలోనే నిలిచిపోతుంది. గ్లూకోజును ఆబగా తీసుకునే క్యాన్సర్ కణితి పెట్ స్కానులో అందుకే వెలుగుతుంది. అలా కనిపించిన క్యాన్సర్లలో కొన్నింటికి నేటికీ వాడే మెథోట్రెక్సేట్, లెడర్లే మందుల కంపెనీలో సుబ్బారావు నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందే.