లీజు మాటున భోగ్యం

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బెంగళూరు వచ్చి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లను బ్రోకరు మొదటి ప్రశ్నే తికమక పెడుతుంది: "అద్దెకా, లీజుకా?" అద్దె సంగతి తెలిసిందే. లీజంటే ఇక్కడ అర్థం వేరు. ఓనరు చేతిలో లక్షల రూపాయలు ఒకేసారి పెట్టి, రెండేళ్లో మూడేళ్లో ఆ ఇంట్లో అద్దె లేకుండా ఉండడం. గడువు తీరాక తాళాలిచ్చేసి, పెట్టిన సొమ్ము పెట్టినట్టు తీసుకోవడం. డబ్బుకు వడ్డీ లేదు, ఇంటికి అద్దె లేదు.

అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకు ఇంత వివరం అక్కర్లేదు. "ఓహో, భోగ్యమా" అంటారు. కన్నడంలోనూ అదే మాట.

ఆ మాట వయసు తక్కువేమీ కాదు. తాకట్టును ధర్మశాస్త్రాలు రెండు రకాలుగా చూశాయి. దాచి ఉంచేది గోప్యం, వాడుకుని ఫలం తినేది భోగ్యం. దాచిన తాకట్టు గడువు దాటితే పోవచ్చు గానీ, ఫలం తింటున్న తాకట్టు మాత్రం సొంతదారుడి చేయి జారిపోదని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు 'మితాక్షర' వ్యాఖ్య రాసింది కన్నడ నేల మీదే. కల్యాణి చాళుక్యుల రాజధానిలో, అంటే నేటి బీదర్ జిల్లా బసవకల్యాణలో. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ఆ శాస్త్రాన్ని 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే భోగ్యం లెక్కలు తెలుగువాళ్లు తమ భాషలో చదువుకోవడం మొదలై ఏడు వందల ఏళ్లు దాటింది.

ఇంగ్లండులోనూ ఇలాంటిదే ఒకటి ఉండేది. 12వ శతాబ్దం చివర్లో గ్లాన్‌విల్ పేరుతో వెలువడిన న్యాయగ్రంథం తాకట్టును 'బతికినది', 'చచ్చినది' అని విడదీసింది. భూమి మీద వచ్చే ఫలం అప్పులో జమ అయితే అది బతికిన తాకట్టు. ఫలమంతా అప్పిచ్చినవాడు తిన్నా అసలు తరగకపోతే చచ్చిన తాకట్టు. 'మార్టుగేజు' మాటకు అర్థమే అది. హెచ్‌ఎస్‌ఆర్‌లో లీజు తీసుకున్న కుటుంబం చేస్తున్నది ఈ రెండో రకమే. మూడేళ్లు ఇంటిని అనుభవించినా, వాళ్లకు రావలసిన అసలులో రూపాయి తగ్గదు.

1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఆస్తి బదలాయింపు చట్టం చేసినప్పుడు ఇంగ్లండు సూత్రాలతో పాటు ఇక్కడి భోగ్యానికీ చోటిచ్చింది. 58వ సెక్షన్‌లో (డి) అదే, తెలుగు దస్తావేజుల్లో 'స్వాధీన తనఖా'. లీజు సంగతి వేరే, 105వ సెక్షన్‌లో. తేడా చిన్నదేమీ కాదు. స్వాధీన తనఖా అయితే, బాకీ ముట్టేదాకా ఇల్లు తన స్వాధీనంలో ఉంచుకునే హక్కు డబ్బు పెట్టినవాడికి ఉంటుంది. అలాగని ఏళ్లు గడిచాయన్న నెపంతో ఇల్లు వాడి సొంతమూ కాదు. ఇలాంటి తనఖాలో ఆస్తిని విడిపించుకోవడానికి ఉన్న 30 ఏళ్ల కాలపరిమితి తనఖా రాసిన రోజు నుంచే పరుగెత్తదని 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. యాజ్ఞవల్క్యుడి మాట అక్కడ మళ్లీ వినిపిస్తుంది.

హెచ్‌ఎస్‌ఆర్‌లో లీజు మాటకు ఇంకో చరిత్ర కూడా ఉంది. హోసూరు–సర్జాపుర రోడ్డు పేర్లలోంచి పుట్టిన ఈ లేఅవుట్‌ను అగర, జక్కసంద్ర వంటి ఊళ్ల పొలాలు సేకరించి బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే బీడీఏ, వేసింది. సైటు దక్కినవాడికి బీడీఏ వెంటనే అమ్మకం పత్రం ఇచ్చేది కాదు. ముందు 'లీజ్ కమ్ సేల్' ఒప్పందం, పదేళ్ల తర్వాత సేల్ డీడు. తండ్రి బీడీఏ దగ్గర లీజుదారుగా మొదలుపెట్టిన సైటులోనే, ఇవాళ కొడుకు పై అంతస్తు లీజుకిస్తూ ఉండొచ్చు. రెండు చోట్లా మాట ఒకటే, బంధం వేరు.

అసలు చిక్కు కాగితంలో ఉంది. స్టాంపు పేపరు మీద 'లీజ్ అగ్రిమెంట్' అని టైపు చేస్తారు. గడువు 11 నెలలు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, దేశమంతా ఈ 11 అంకె అలవాటైపోయింది. నెల అద్దెకు ఇది సరిపోతుందేమో. లక్షలు చేతులు మారే భోగ్యానికి సరిపోదు. 100 రూపాయలో అంతకు మించో అసలు ఉన్న స్వాధీన తనఖాకు రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని ఆస్తి బదలాయింపు చట్టం 59వ సెక్షన్ నియమం. 100 రూపాయలకే అంత కట్టుదిట్టం పెట్టిన చట్టం కింద ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు నోటరీ ముద్రను నమ్ముకుని ఉండడం బాధ కలిగించే విషయం.

ఇంకో ముప్పు లండన్‌ నుంచి వచ్చింది. ఇంటి కాగితాలు అప్పిచ్చినవాడి చేతిలో పెడితే చాలు, అదే తనఖా అని 1783లో రస్సెల్ కేసులో అక్కడి ఛాన్సరీ కోర్టు ఒప్పుకుంది. 1882 చట్టం ఆ పద్ధతిని మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి వర్తక నగరాలకే పరిమితం చేసి, తర్వాత ఇతర పట్టణాలకూ దారి తెరిచింది. ఓనరు మూల దస్తావేజులు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చిన సంగతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు కాకపోతే ఈసీలో, అంటే ఆస్తి మీది భారాలు చూపే ధ్రువపత్రంలో, కనబడదు. వాయిదాలు ఆగితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు నోటీసు గేటుకు అంటుకుంటుంది. లీజుదారుకు అప్పు విషయం తెలిసేది అప్పుడే. ఇలాంటి తనఖాలు ఎవరైనా వెతికి చూసుకునేలా 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. అడ్వాన్సు ఇచ్చేముందు అక్కడ చూసేవాళ్లు తక్కువ.

డబ్బు తిరిగి రానివాళ్లు పోలీసు స్టేషనుకు వెళ్తే తరచుగా వినేది "ఇది సివిల్ మేటర్" అన్న మాట. మోసానికి 1860 శిక్షాస్మృతిలో ఉన్న 420 సెక్షన్ తెలుగులో తిట్టుగానే స్థిరపడింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానం భారతీయ న్యాయ సంహితలోని 318(4)ది. అంకె మారినా పరీక్ష అదే. డబ్బు తీసుకున్న రోజే ఓనరు మనసులో ఎగవేసే ఉద్దేశం ఉందా? బ్యాంకు తాకట్టు దాచిపెట్టి లీజుకిచ్చాడని చూపగలిగితే కేసు నిలబడే అవకాశం ఉంది. ఇవ్వాలనుకున్నాడు, తర్వాత చేతిలో ఆడలేదంటే దారి సివిల్ కోర్టే. అతను తిరిగిచ్చిన చెక్కు బౌన్సయితే మాత్రం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ సెక్షన్ 1989 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, ఆపై నెలలోపు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు ఇవ్వాలి.